మద్యపానమును వంశపారంపర్యమును: జన్యువులు చేయునది యెంత, చేయనిది యెంత

1. విషయ ప్రవేశము

కల్లు దుకాణములనుగూర్చియు మద్యపు అమ్మకములనుగూర్చియు విచారణలు జరుగునపుడును, కుటుంబముల దుస్థితినిగూర్చి అర్జీలు వచ్చినపుడును, స్థానికోద్యోగుల చెవిని తఱచుగా బడు మాట యొకటి కలదు. "వీని తాత త్రాగెను, తండ్రి త్రాగెను, వీడును త్రాగుచున్నాడు, అది వారి రక్తములోనే యున్నది" అని జనులు చెప్పుదురు. ఇంతమాత్రమున కొందఱు అట్టివానికి చికిత్సవలన ప్రయోజనము లేదని తేల్చివేయుదురు. మఱికొందఱు ఈ మాటను పూర్తిగా త్రోసిపుచ్చి, త్రాగుడు కేవలము బుద్ధిలోపమనియు, మనస్సు గట్టిచేసికొన్నచో ఎవడైనను ఒక్కనాట మానగలడనియు వాదింతురు. ఈ రెండు అభిప్రాయములలోను సత్యమున్నది గాని, ఏ యొక్కటియు పూర్ణసత్యము కాదు. ఇటీవలి యేబదియేండ్ల పరిశోధనలవలన త్రాగుడులో వంశపారంపర్యము పాలు ఎంతటిదో, అది శరీరములో ఏ మార్గమున పనిచేయునో చాలవఱకు తెలియవచ్చినది. ఆ సంగతులును, వానినిబట్టి పురపాలక, రెవిన్యూ, ఆరోగ్యోద్యోగులు గ్రహింపదగిన విషయములును ఇందు సంగ్రహముగా వివరింపబడుచున్నవి.

2. మద్యము శరీరములో పొందు మార్పులు

కల్లు, సారా, బీరు, బ్రాంది, విస్కీ, వీనిలో దేనిని త్రాగినను మత్తు కలిగించు పదార్థమొక్కటియే, అది ఆల్కహాలు. త్రాగిన ఆల్కహాలులో కొంత జీర్ణాశయమునుండియు, అధికభాగము చిన్నప్రేవులనుండియు రక్తములో చేరును. దానిని హరించు పని ముఖ్యముగా కాలేయమునది. కాలేయము ఈ పనిని రెండు దశలలో చేయును. మొదటి దశలో ఒక ఎంజైము ఆల్కహాలును ఎసిటాల్డిహైడు అను పదార్థముగా మార్చును. ఇది విషతుల్యము. రెండవ దశలో మఱియొక ఎంజైము ఈ విషమును ఎసిటేటు అను నిరపాయ పదార్థముగా మార్చును. అది తుదకు బొగ్గుపులుసు వాయువుగను నీరుగను విడిపోవును.

ఈ యేర్పాటును ఒకదాని క్రింద నొకటిగా నున్న రెండు తూములతో పోల్చవచ్చును. ఎగువ తూమునుండి వచ్చు నీటిని దిగువ తూము ఎప్పటికప్పుడు విడిచినచో నడుమనున్న పొలమునకు హాని లేదు. ఎగువ తూము మితిమీరి తెఱచుకొన్నను, దిగువ తూము పూడుకొనిపోయినను, పొలము మునుగును. ఇచట పొలము త్రాగినవాని దేహము. దానిని ముంచు నీరు ఎసిటాల్డిహైడు. అది రక్తములో నిలిచినపుడు ముఖము ఎఱ్ఱబాఱును, గుండె దడదడలాడును, తలనొప్పియు వాంతియు కలుగును.

ఈ రెండు ఎంజైములును ఏ రీతిగా తయారు కావలెనో తెలుపు విధానము జన్యువులలో లిఖితమై యున్నది. జన్యువనగా తల్లినుండి యొకటియు తండ్రినుండి యొకటియు చొప్పున బిడ్డకు సంక్రమించు సూచన. ఆ సూచనలో ఒక్క అక్షరము మాఱినను ఎంజైము స్వభావము మాఱవచ్చును. మొదటి ఎంజైమునకు సంబంధించిన ఏడీహెచ్1బి అను జన్యువులో నొక మార్పు ఎగువ తూమును వెడల్పు చేయును. రెండవ ఎంజైమునకు సంబంధించిన ఏఎల్‌డీహెచ్2 అను జన్యువులో నొక మార్పు దిగువ తూమును మూసివేయును.

రెండవ మార్పునుగూర్చి ఒక విశేషము గమనింపదగినది. ఈ ఎంజైము నాలుగు భాగములు కూడిన యంత్రము వంటిది. ఒకరినుండి మంచి ప్రతిని, మఱియొకరినుండి చెడిన ప్రతిని పొందినవానిలో రెండు విధములైన భాగములును సమానముగా తయారగును. అవి యాదృచ్ఛికముగా కూడునపుడు నాలుగు భాగములును మంచివగుట పదునాఱింట ఒక్కసారి మాత్రమే. కావున చెడిన ప్రతి యొక్కటియే యున్నను ఎంజైము శక్తి సగమునకు గాక, అంతకంటె మిక్కిలి తక్కువకు దిగిపోవును.

3. జపాను అనుభవము

ఈ రెండవ మార్పు చీనా, జపాను, కొరియా దేశములలో విస్తారముగా నున్నది. ప్రపంచములో సుమారు 54 కోట్లమంది, అనగా జనాభాలో నూటికి ఎనమండుగురు, దీనిని కలిగియున్నారని 2009లో అంచనా వేయబడినది. జపానీయులలో ఇంచుమించు నూటికి 40 మందికి ఇది కలదు. రెండు ప్రతులును చెడినవిగా పొందినవారు ఒక గిన్నెడు మద్యమునైనను సహింపజాలరు. అట్టివారు వ్యసనపరులగుట మిక్కిలి అరుదు. ఒక్క ప్రతిని పొందినవారికిని కొంత బాధ కలుగును గనుక, సామాన్యముగా వారు తక్కువ త్రాగుదురు. మద్యపాన విషయమున ఏ యొక్క జన్యువును ఇంత స్పష్టముగా పనిచేయుట వేఱెచటను కానరాలేదు.

అయినను ఇంత బలమైన జన్యువు సైతము తుది మాట చెప్పజాలకపోయినది. జపానులో చికిత్సకు వచ్చిన మద్యవ్యసనపరులలో ఈ చెడిన ప్రతి నొక్కదానిని కలిగినవారు 1979లో నూటికి 2.5 మాత్రమే యుండిరి. 1986లో 8 మంది. 1992లో 13 మంది. ఈ లెక్కలను అచటి వైద్యులు 1994లో ప్రకటించిరి. పదుమూడేండ్లలో ఒక జాతి జన్యువులు మాఱవు; తరములు గడచినగాని అట్టి మార్పు రాదు. మాఱినది ఆ దేశపు నడవడి. కచేరీ పని ముగిసిన పిమ్మట తోడివారితో కూడి త్రాగుట మర్యాదయై, మద్యము సులభముగా దొరకుచుండగా, ముఖము ఎఱ్ఱబాఱుచున్నను గుండె కొట్టుకొనుచున్నను మనుష్యులు త్రాగుట నేర్చుకొనిరి. శరీరము వలదని చెప్పుచుండగా సంఘము కావలెనని చెప్పినది; సంఘము మాటయే చాలమంది విషయమున నెగ్గినది.

దీని ఫలితము దారుణము. ఎసిటాల్డిహైడు కాన్సరునకు కారణమగు పదార్థము. ఒక్క చెడిన ప్రతి కలిగియు విస్తారముగా త్రాగువారికి అన్నవాహిక కాన్సరు వచ్చు ప్రమాదము ఇతర త్రాగువారికంటె ఎన్నియో రెట్లు హెచ్చు. తమకు కాపుగా పుట్టిన జన్యువును లక్ష్యపెట్టని వారికి అదియే శత్రువైనది.

4. చీనా స్త్రీల దృష్టాంతము

చీనాలో అయిదు లక్షలకు మించిన స్త్రీపురుషులను పలు సంవత్సరములు కనిపెట్టియుండి చేసిన యొక పరిశోధన ఫలితములు 2019లో వెలువడినవి. ఆ పురుషులలో మూడవ వంతు ప్రతి వారమును త్రాగువారు. స్త్రీలలో అట్టివారు నూటికి ఇద్దఱే. మద్యమునకు సంబంధించిన జన్యువులు మాత్రము ఇరువురిలోను సమానము. పురుషులలో త్రాగుడును హెచ్చించు జన్యుభేదములు గలవారికి రక్తపుపోటును పక్షవాతమును హెచ్చుగా వచ్చినవి. స్త్రీలలో అవే జన్యుభేదములవలన అట్టి కీడేమియు కనబడలేదు. త్రాగనివారి యింట ఆ జన్యువు పనిలేని సేవకుని వలె ఊరకయుండెను. మితముగా త్రాగుటవలన పక్షవాతము రాకుండునని లోకమున ప్రచారములోనున్న అభిప్రాయమునకును ఈ పరిశోధనలో ఆధారము దొరకలేదు.

5. అనేక జన్యువుల పాత్ర

తూర్పు ఆసియా వెలుపల ఒక్క జన్యువు ప్రభావమంత ప్రబలము కాదు. అయినను వంశపారంపర్యము లేకపోలేదు. డెన్మార్కులో 1973లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము. మద్యవ్యసనము గల తల్లిదండ్రులకు పుట్టి, పసితనములోనే ఇతరుల యింట దత్తుగా పెరిగిన 55 మంది మగవారిలో పదిమంది పెద్దవారైన తరువాత మద్యవ్యసనపరులైరి. వ్యసనము లేని తల్లిదండ్రులకు పుట్టి అట్లే దత్తుపోయిన 78 మందిలో నలుగురు మాత్రమే అట్లైరి. కన్నవారిని చూచి నేర్చుకొనుటకు అవకాశమే లేనిచోట ఈ భేదము కలిగినందున, దానిలో కొంత పుట్టుకతో వచ్చినదని ఒప్పుకొనక తప్పదు.

ఒకే అండమునుండి పుట్టిన కవలలను, వేర్వేఱు అండములనుండి పుట్టిన కవలలను పోల్చిచూచిన పరిశోధనలన్నిటిని కూర్చి 2015లో లెక్కించగా, మద్యవ్యసన విషయమున మనుష్యులకు గల భేదములలో సుమారు సగము జన్యువులవలన కలుగుచున్నదని తేలినది. ఈ "సగము" అను మాటను సరిగా గ్రహింపవలయును. ఒక మనుష్యుని త్రాగుడులో సగము జన్యువులది, సగము అతనిదని దీని యర్థము కాదు. త్రాగుబోతు బిడ్డలలో సగము మంది త్రాగుబోతులగుదురనియు కాదు. ఒక జనసమూహములోని వ్యక్తులకు పరస్పరము గల హెచ్చుతగ్గులలో సగమునకు జన్యుభేదములు కారణమని మాత్రమే దీని తాత్పర్యము. ఒక కులమునకును మఱియొక కులమునకును, ఒక జాతికిని మఱియొక జాతికిని గల భేదమునుగూర్చి ఈ లెక్క ఏమియు చెప్పదు.

ఈ సగమును కలిగించునది ఒక్క జన్యువు కాదు. 34 లక్షలమందిని పరీక్షించి 2022లో ప్రకటించిన పరిశోధనలో పొగాకునకును మద్యమునకును సంబంధించిన జన్యుభేదములు మూడువేలకు మించి కనబడినవి. వానిలో ఒక్కొక్కదాని ప్రభావము ఆవగింజంత. కావున ఫలానావాడు త్రాగుబోతగునా కాడా యని రక్తమునో లాలాజలమునో పరీక్షించి చెప్పగల సాధన మేదియు లేదు. అట్లు చెప్పెదమని ప్రకటనలిచ్చువారిని ప్రజలు నమ్మరాదు.

వంశపారంపర్యము పనిచేయు మార్గములలో ఒకటి మాత్రము సామాన్యులకును గుర్తింపదగినది. కొందఱకు ఎంత త్రాగినను త్వరగా మత్తెక్కదు. "ఎంత పోసినను తొణకడు" అని స్నేహితులు అట్టివానిని మెచ్చుకొందురు. అమెరికాలో మద్యవ్యసనపరుల కుమారులను యౌవనములో పరీక్షించి, పిమ్మట సుమారు పదేండ్లు కనిపెట్టియుండి, 1994లో ప్రకటించిన ఫలితములు ఈ మెప్పును తలక్రిందు చేసినవి. మత్తు తక్కువగా తెలిసినవారిలో నూటికి 56 మంది వ్యసనపరులైరి. మత్తు త్వరగా తెలిసినవారిలో 14 మంది మాత్రమే యట్లైరి. మత్తు తెలియనివానికి ఆపుమని హెచ్చరించు గంట లేదు. కావున వాడు హెచ్చుగా త్రాగును. తొణకకుండుట దేహబలమునకు గుర్తు కాదు, అపాయమునకు సూచన.

6. అమ్మకపు వసతులును జన్యువులును

ఫిన్లండు దేశములో యౌవనారంభమునందున్న కవలలను పరీక్షించి 2001లో ప్రకటించిన ఫలితములు స్థానికాధికారులకు ముఖ్యముగా పనికివచ్చునవి. పల్లెలలో పెరిగినవారి త్రాగుడును ఎక్కువగా ఇల్లును ఊరును నిర్ణయించుచుండెను. అచట జన్యువుల పాలు స్వల్పము. పట్టణములలోను, మద్యము విస్తారముగా అమ్ముడుపోవు ప్రాంతములలోను జన్యువుల పాలు హెచ్చుగా కనబడినది. కారణము స్పష్టము. నలుగురి కన్ను ఉన్నచోట, దుకాణము దూరముగా నున్నచోట, ఆసక్తి యున్నవాడును లేనివాడును ఇంచుమించు ఒకేరీతిగా నడచుకొందురు. అడుగడుగునకు దుకాణమున్నచోట ఆసక్తి గలవాడు ముందుగా పడిపోవును. విత్తనము భూమిలో నున్నంతమాత్రమున మొలవదు. తడి తగిలిననే మొలచును. ఆ తడి యెంత యుండవలెనో నిర్ణయించుటలో జన్యువులకు పాత్ర లేదు. అది పరిపాలనమునకు లోబడిన విషయము.

7. మన ప్రాంతములకు దీని సంబంధము

ఈశాన్య రాష్ట్రములలోని కొన్ని సమూహములను విడిచినచో, ముఖము ఎఱ్ఱబాఱి త్రాగుడును అడ్డుకొను పైని చెప్పిన జన్యుభేదము భారతదేశమున ఇంచుమించు లేదు. తెలుగువారికి ఆ సహజ రక్షణము లేదన్నమాట. జపానీయునకు మొదటి గిన్నెతోనే కలుగు బాధ ఇచటివానికి కలుగదు. కావున ఇచట అడ్డుకట్ట వేయవలసినది కుటుంబము, ఆచారము, శాసనము, ధర, దూరము.

2019–21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, పదునైదేండ్లు నిండిన పురుషులలో మద్యము త్రాగుదుమని చెప్పినవారు దేశమంతటికి కలిపి నూటికి 19 మంది. ఆంధ్రప్రదేశమున 23 మంది. తెలంగాణమున 43 మంది. స్త్రీలలో తెలంగాణమున నూటికి సుమారు ఏడుగురు. ఆంధ్రప్రదేశమున ఒకరికంటె తక్కువ. ఈ అంకెలను ఒక్కసారి పరిశీలించినవారెవ్వరును త్రాగుడు కేవలము రక్తములో నున్నదని యనజాలరు. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అన్నకును చెల్లెలికిని ఈ జన్యువులు సమానమైన అవకాశముతో సంక్రమించును. అయినను అన్న త్రాగుచున్నాడు, చెల్లెలు త్రాగుటలేదు. ఒకే భాష మాటలాడుచు, వియ్యములందుచు వచ్చిన రెండు ప్రాంతముల పురుషులలో ఇంచుమించు రెండింతల భేదము కలదు. ఇట్టి భేదములు ఆచారమునకును అమ్మకపు వసతులకును సంబంధించినవి.

ఈ వసతులను ప్రభుత్వములు మార్చిన సందర్భములు మన చరిత్రలో కలవు. మదరాసు రాజధానిలో మద్యనిషేధము 1937లో సేలము జిల్లాలో ఆరంభమై, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపించినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామ స్త్రీలు, వయోజన విద్యాకేంద్రములలో అక్షరములు దిద్దుచు, తమ ఊరి సారా దుకాణము నెదిరించిరి. ఆ యుద్యమము ఫలితముగా 1993లో సారాయును, 1995లో సర్వవిధ మద్యమును ఆంధ్రప్రదేశమున నిషేధింపబడి, 1997లో రెండవ నిషేధము సడలింపబడినది. నిషేధము మేలా, నియంత్రణము మేలా యను చర్చ ఈ వ్యాసమునకు వెలుపలిది. దూబగుంట స్త్రీలు తమ మగవారి పుట్టుకను నిందింపక, ఊరిలోని దుకాణమును వేలెత్తి చూపిరనుట మాత్రము ఇచట గమనింపదగినది.

8. వంశపారంపర్యమును తప్పుగా వాడుటవలని కీడు

ఈ విషయమున పొరపాటు భావము శాసనమైనపుడు ఎట్టి ఘోరము జరుగునో చరిత్ర చూపినది. జర్మనీలో 1933 జూలైలో చేసిన శాసనము, వంశపారంపర్య వ్యాధులు గలవారితోపాటు తీవ్రమైన త్రాగుబోతులకును సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయుటకు అధికారమిచ్చినది. మన దేశములో 1871 నాటి క్రిమినల్ ట్రైబుల శాసనము కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా నెంచినది. అది స్వతంత్ర భారతమున 1952లో రద్దు చేయబడినది. ఆ శాసనము పోయినను, "ఈ పేటవారికి త్రాగుడు పుట్టుకతోనే వచ్చినది" అను వ్రాత విచారణ పత్రములలో చేరినచో అదే దోషము మఱల తల యెత్తినట్లగును. అట్టి వ్రాతకు శాస్త్రమున ఆధారము లేదు. దానివలన ఆ పేటకు రావలసిన వైద్యము రాక, రాదగని దుకాణము వచ్చును.

9. చికిత్సనుగూర్చి కొన్ని హెచ్చరికలు

పైని వర్ణించిన దిగువ తూమును మందుతో మూయవచ్చును. అమెరికాలో కొన్ని రబ్బరు రసాయనములతో పనిచేయు కూలీలు మద్యము ముట్టజాలకున్నారని 1937లో ఒక కర్మాగార వైద్యుడు వ్రాసెను. 1948లో కోపెన్‌హాగెనులో హాల్డ్, యాకబ్సెన్ అను పరిశోధకులు ఆ కుటుంబమునకే చెందిన డైసల్ఫిరామ్ అను మందు మద్యముతో కలిసినపుడు అట్టి బాధనే కలిగించునని ప్రకటించిరి. నేటికిని అది వైద్యుల పర్యవేక్షణలో వాడుకలో నున్నది. రోగికి తెలియకుండ అన్నములోనో కాఫీలోనో దీనిని కలుపుట ప్రాణాపాయకరము. సంగతి తెలియక అతడు మామూలుగా త్రాగినచో రక్తపుపోటు పడిపోయి, గుండె చెడి మరణింపవచ్చును. పేరు తెలుపని పొడులను "త్రాగుడు మాన్పించు మందు" అని అమ్మువారిని వెంటనే ఔషధ తనిఖీ అధికారులకు తెలుపవలయును.

చిరకాలము విస్తారముగా త్రాగినవాడు హఠాత్తుగా మానుటయు అపాయకరమే. వణకు, చెమటలు, మూర్ఛలు, మతిభ్రమము కలిగి ప్రాణము పోవచ్చును. 2020 మార్చిలో మహమ్మారి కారణమున దుకాణములన్నియు ఒక్కసారి మూతపడినపుడు హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోని మానసిక వైద్యశాలకు ఇట్టి రోగులు అనేకులు వచ్చిరి. కావున ఏ ప్రాంతముననైనను అమ్మకము హఠాత్తుగా నిలిపివేయు ఉత్తరువు అమలు జరుగునపుడు, ముందుగా ఆసుపత్రులకు తెలిపి మందులు సిద్ధపఱచుట అధికారుల విధి.

10. స్థానికోద్యోగులు గమనింపవలసిన యంశములు

(1) తండ్రికో తల్లికో మద్యవ్యసనమున్న కుటుంబములలోని బాలబాలికలకు ఇతరులకంటె ముందుగను స్పష్టముగను హెచ్చరిక అవసరము. దానిని నిందగా గాక, మధుమేహము గల కుటుంబమునకు చేయు హెచ్చరికవలె చేయవలయును.

(2) ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఇరువదియొక్క యేండ్ల లోపువారికి మద్యము అమ్మరాదను నిబంధనను పాఠశాలలకును కళాశాలలకును సమీపముననున్న దుకాణములలో ప్రత్యేకముగా తనిఖీ చేయవలయును.

(3) దుకాణముల సంఖ్య, స్థలము, వేళలనుగూర్చి అభిప్రాయము పంపునపుడు, మద్యము సులభముగా దొరకుట పుట్టుకతో ఆసక్తి గలవారిని ముందుగా దెబ్బతీయునని జ్ఞప్తియందుంచుకొనవలయును. అందుబాటును తగ్గించుట, ధర హెచ్చించుట, ప్రకటనలను అరికట్టుట, త్రాగి వాహనము నడుపువారిని పట్టుట, చికిత్సను సులభము చేయుట అను అయిదు మార్గములను ప్రపంచారోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసినది.

(4) విచారణ పత్రములలో త్రాగుడునకు కారణముగా కులమునుగాని జాతినిగాని వ్రాయరాదు.

(5) వంశములో త్రాగుడున్నదని ఎవనిని చికిత్సకు తగనివానిగా త్రోసిపుచ్చరాదు. జన్యువు మార్గమును సుగమము చేయును గాని, మనుష్యుని చేయిపట్టి దుకాణమునకు నడిపింపదు. అట్టి జన్యువులనే కలిగియు అనేకులు త్రాగక జీవించుచున్నారు; త్రాగినవారిలోను అనేకులు తగిన సాయముతో మానుచున్నారు.